మొదటిసారి లోకల్ 40కె టోర్నమెంట్‌కి వెళ్తున్నా, ఏమేం చూసుకోవాలి? (రిపోర్ట్ కింద పెట్టాను)

ఫ్రిస్కో_నెక్రాన్, డాలస్ దగ్గర

అందరికీ నమస్తే. మా ఇంటికి దగ్గర్లో ఉన్న గేమ్ షాపులో వచ్చే నెల ఒక శనివారం టోర్నమెంట్ పెడుతున్నారు. వార్‌హామర్ 40,000 (40కె అంటే ఇదే, చిన్న బొమ్మల ఆర్మీలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట), 10వ ఎడిషన్, ఒక్కొక్కరి ఆర్మీ 2000 పాయింట్లు, ఒక్కరోజులో 3 రౌండ్లు. డబ్బులు కట్టి పేరు ఇచ్చేశాను. ఇప్పటిదాకా ఆడినవన్నీ మా డైనింగ్ టేబుల్ మీద, ఇద్దరు ఫ్రెండ్స్‌తోనే, మధ్యలో టీలు టిఫిన్లు, రూల్ గుర్తు రాకపోతే పుస్తకం తీసి పావుగంట చదువుకోవడం, ఒక గేమ్ రెండు వీకెండ్లు కూడా సాగేది. అక్కడ రౌండ్‌కి 3 గంటలే అంట, చెస్ క్లాక్ కూడా పెడతారంట.

నా ఆర్మీ నెక్రాన్లు, అంటే ఇనుప అస్థిపంజరాల్లాంటి రోబోలు. 20 మంది వారియర్ల గుంపులు రెండు, లిచ్‌గార్డ్, డూమ్స్‌డే ఆర్క్, లోఖస్ట్ హెవీ డిస్ట్రాయర్లు, నైట్‌బ్రింగర్, వీళ్ళని నడిపించడానికి క్యారెక్టర్లు. సగం వారియర్లు ఇంకా రంగులు వెయ్యని గ్రే ప్లాస్టిక్‌గానే ఉన్నాయి.

గెలుస్తానని కాదు గానీ ముక్కూమొహం తెలియని మనిషితో 3 గంటలు ఎలా ఆడాలి, రూల్ దగ్గర మాట తేడా వస్తే ఏం చెయ్యాలి, ఇవే బుర్రలో తిరుగుతున్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారి_ఆర్క్, న్యూజెర్సీ

తమ్ముడూ ముందు కంగ్రాట్స్, పేరు ఇవ్వడమే సగం పని. నేను ఇక్కడ మా షాపులో ఇలాంటివి నడిపిస్తూ ఉంటాను కాబట్టి టేబుల్‌కి రెండువైపులా ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

ఒక్క విషయం మిగతా అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ముందే చెప్తున్నా. నోరు తెరిచి చెప్పు. మోడల్ జరిపే ముందు ఎందుకు జరుపుతున్నావో ఎదుటోడికి చెప్పు. "ఈ గుంపుని ఈ గోడ వెనక పెడుతున్నా, నీ ట్యాంక్‌కి కనబడకుండా ఉండాలని, నీకు ఓకేనా?" అని అడుగు. వాడు వంగి చూసి ఓకే అంటాడు. తర్వాత వాడి టర్న్‌లో చెయ్యి తగిలి బేస్ కొంచెం జరిగినా, ఎవరి తుపాకీ మొనో బయటకి వచ్చినా గొడవ ఉండదు, ఎందుకంటే ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు. అలాగే "నీకు 9 అంగుళాల బయటే దింపుతున్నా, కొలుచుకో", "ఇక్కణ్ణుంచి చార్జ్‌కి (మీదకి దూసుకెళ్ళడానికి) 8 కావాలి, చూశావా" అని డైస్ వెయ్యకముందే అనుకోవాలి. డైస్ పడ్డాక కొలిచేవాడితోనే గొడవలన్నీ. నేను జడ్జిగా వెళ్ళిన తగాదాల్లో ఎక్కువ శాతం రూల్ తెలియక వచ్చినవి కావు, ముందే చెప్పుకోకపోవడం వల్ల వచ్చినవి.

ఇంట్లో మాట్లాడకుండా ఆడతాం, ఎందుకంటే ఫ్రెండ్‌కి మన అలవాట్లు తెలుసు. అక్కడ ఎవరికీ తెలియవు. ఇంగ్లీషు ఎలా వచ్చినా పర్లేదు, వేలు పెట్టి చూపిస్తూ చెప్పు చాలు.

రెండోది క్లాక్. 3 గంటలంటే నీ వాటా 90 నిమిషాలు. ఒక్కో గేమ్‌లో 5 బ్యాటిల్ రౌండ్లు కాబట్టి టర్న్‌కి 18 నిమిషాలు వస్తాయి, అందులోనే డిప్లాయ్‌మెంట్ (మొదట ఆర్మీని టేబుల్ మీద పెట్టుకోవడం) కూడా. మొదటి రెండు టర్న్‌లు ఎలాగూ పెద్దవి, చివర్లో టేబుల్ మీద ఎవరూ మిగలరు కాబట్టి త్వరగా అయిపోతాయి. 40 మంది వారియర్లని ఒక్కొక్కణ్ణి చేత్తో జరిపితే మాత్రం టైం అక్కడే అయిపోతుంది. గుంపుని ఒకేసారి జరిపే మూవ్‌మెంట్ ట్రేలు కొనుక్కో, లేదా ముందు వరస కొలిచి పెట్టేసి వెనకాళ్ళని గుంపుగా తోసెయ్యి, ఎవరూ ఏమనరు. ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఒకటి రెండు గేములు ఆడి వెళ్ళు.

రూల్ దగ్గర తేడా వస్తే చెయ్యెత్తి జడ్జిని పిలువు, క్లాక్ ఆపుతారు. జడ్జిని పిలవడం అంటే ఎదుటోణ్ణి దొంగ అన్నట్టు కాదు, ఇది మనవాళ్ళకి అర్థమవ్వడానికి టైం పడుతుంది.

రంగులపిచ్చి, టొరంటో

గ్రే ప్లాస్టిక్ అని చదవగానే ఆగలేకపోయాను :) నెక్రాన్లు కాబట్టి అదృష్టవంతులు మీరు, ఇంత త్వరగా పూర్తయ్యే ఆర్మీ ఇంకోటి లేదు.

ముందు ఇది ఎందుకో చెప్తాను. గేమ్‌లో మొత్తం 100 పాయింట్లు. ప్రైమరీ (అబ్జెక్టివ్‌లు, అంటే టేబుల్ మీద గుర్తు పెట్టిన చోట్లు, పట్టుకున్నందుకు) 50, సెకండరీ (అదనపు పనులకి) 40, మిగతా 10 ఆర్మీకి రంగులు వేసి ఉంటే ఊరికే ఇస్తారు. 5, 6 పాయింట్ల తేడాతో గెలుపోటములు తేలే ఆటలో ఆ 10 వదిలేసుకుంటే ఎలా అండీ. పైగా కొన్ని చోట్ల రంగు లేని ఆర్మీని అసలు ఆడనివ్వరు, అడిగి తెలుసుకోండి.

చెయ్యాల్సింది ఇది: లెడ్‌బెల్చర్ (ఇనుప రంగు) స్ప్రే కొట్టండి, ఆరనివ్వండి. నుల్న్ ఆయిల్ వాష్ (పల్చటి నల్ల రంగు) మొత్తం పూసెయ్యండి, సందుల్లోకి దిగి నీడలు అదే వేసుకుంటుంది. తుపాకీ గొట్టాలకీ కళ్ళకీ పచ్చ రంగు. ఛాతీ మీద గుర్తుకి ఒక చుక్క. బేస్ మీద టెక్స్చర్ పేస్ట్ రాసి అంచుకి నల్ల రంగు. అంతే. ఒక్కో మోడల్ పూర్తి చేద్దామని కూర్చోవద్దు, 10 మందిని వరసగా పెట్టుకుని ఒకే రంగు అందరికీ వేసుకుంటూ పొండి. నైట్‌బ్రింగర్‌కి మాత్రం టైం ఇవ్వండి, టేబుల్ మీద అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి.

మాది బెజవాడ, చిన్నప్పుడు కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అదే మక్కుతో సందులు పూడ్చి, సున్నం పూత వేసి ఆరబెట్టి, అప్పుడు రంగులు. నేను ప్లాస్టిక్ చేతులు అతికించి పుట్టీతో గాడులు పూడ్చి ప్రైమర్ కొడుతున్నప్పుడల్లా అదే వరస గుర్తొస్తుంది. రంగు కింద ఉండే పని బాగుంటేనే పైన రంగు నిలుస్తుంది. కాబట్టి మోల్డ్ లైన్లు (అచ్చు అతుకు గీతలు) గీకకుండా స్ప్రే కొట్టకండి ప్లీజ్.

హైద్రాబాద్_స్కర్మిష్, హైదరాబాద్

అన్నా మస్తు జెప్పిన్రు అందరు. మా దగ్గర గంత పెద్ద ఆర్మీ కొనుడంటే కష్టం, బాక్స్ ధర ఒకెత్తు, దాని మీద కొరియర్, కస్టమ్స్ ఇంకో ఎత్తు. అందుకే మేం నలుగురైదుగురం కిల్ టీం ఆడ్తం, చిన్న టీంలతోని ఆడే 40కె అన్నట్టు, ఒక్క బాక్స్ తోనే టీం అయితది. ఇంకొందరు వన్ పేజ్ రూల్స్ వాళ్ళ గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్ ఆడ్తరు, రూల్స్ ఫ్రీగ దొరుకుతయ్, ఏ బొమ్మలైన పెట్టుకోవచ్చు.

రంగులపిచ్చి అక్కా, స్ప్రే గురించి ఒక మాట. ఇక్కడ వానాకాలంల స్ప్రే ప్రైమర్ కొడ్తే మోడల్ మీద పిండి చల్లినట్టు గరుగ్గ వస్తది, గాలిల తేమ ఎక్కువుంటే గంతే. ఆ నెలలల్ల మేం బ్రష్‌తోని ప్రైమర్ వేస్తం, టైం పడ్తది గాని పాడు గాదు. ఇంకోటి, అమెరికా నుంచి వచ్చేటోళ్ళతోని స్ప్రే డబ్బాలు తెప్పియ్యకుండ్రి, విమానంల రానియ్యరు.

నా ప్రశ్న ఏందంటే, 3డి ప్రింట్ బొమ్మలు టోర్నమెంట్ల ఒప్పుకుంటరా?

మిడ్‌లాండ్స్_మినీ, ఇంగ్లండ్

@హైద్రాబాద్_స్కర్మిష్ ఎవరు నడుపుతున్నారు అన్నదాన్ని బట్టి. గేమ్స్ వర్క్‌షాప్ (40కె తయారుచేసే కంపెనీ) వాళ్ళు సొంతంగా పెట్టే ఈవెంట్లలో వాళ్ళ మోడల్సే ఉండాలి. నేను ఉండేది నాటింగ్‌హామ్‌కి దగ్గర్లోనే, వాళ్ళ వార్‌హామర్ వరల్డ్ సెంటర్ అక్కడే కదా, అక్కడ ఈ విషయంలో గట్టిగా ఉంటారు. బయట క్లబ్బులు, ఇండిపెండెంట్ టోర్నమెంట్లు వాళ్ళ వాళ్ళ రూల్ పెట్టుకుంటాయి, బేస్ సైజు కరెక్టుగా ఉండి అది ఏ యూనిట్టో చూడగానే తెలిస్తే చాలు అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందే మెయిల్ పెట్టి అడగడం మంచిది, పొద్దున్నే వెళ్ళి అక్కడ తెలుసుకుంటే బాధగా ఉంటుంది.

@ఫ్రిస్కో_నెక్రాన్ మీరు చేతిలో ఉంచుకోవాల్సిన సామాను: టేప్ రెండు, అందరూ ఒకేలా చదవగలిగే డైస్ (చుక్కలు కనబడని ఫ్యాన్సీ డైస్ వద్దు), లిస్ట్ (ఆర్మీలో ఏమేం ఉన్నాయో రాసింది) ప్రింట్ రెండు కాపీలు, ఒకటి ఎదుటివాళ్ళకి ఇవ్వడానికి. ఫోన్ చార్జర్. సూపర్ గ్లూ, ఎందుకంటే ఏదో ఒక చెయ్యి ఊడుతుంది. మోడల్స్ అడుగున మాగ్నెట్‌తో అంటుకుని నిలబడే ట్రే అయితే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి మొత్తం ఆర్మీని ఒకేసారి మోసుకెళ్ళొచ్చు. రోజంతా నిలబడే ఉంటాం కాబట్టి మంచి బూట్లు. అవి వేసుకొచ్చిన వాళ్ళెవరో మూడో రౌండ్‌లో తేడా తెలిసిపోతుంది, నిజం.

కొత్తగా_చూస్తున్నా, బెంగళూరు

నాకు ఈ ఆట తెలీదు, బొమ్మలు బావుంటాయని చదువుతున్నా అంతే. ఒక డౌట్, ఎలాగూ డైస్ కదా, అదృష్టం ఉన్నవాడే గెలుస్తాడు కదా? ఇంత దానికి టోర్నమెంట్ ఎందుకు?

మిడ్‌లాండ్స్_మినీ, ఇంగ్లండ్

మంచి ప్రశ్న, దీన్ని లెక్కతోనే చెప్తా. చార్జ్‌కి రెండు డైస్ వేస్తాం. శత్రువుకి 9 అంగుళాల బయట దిగిన యూనిట్ చార్జ్ చెయ్యాలంటే 9 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, రెండు డైస్ మీద 36 రకాల్లో 10 మాత్రమే అలా పడతాయి, అంటే 28 శాతం. ఒక కమాండ్ పాయింట్ (గేమ్‌లో ఇలాంటివాటికి ఖర్చు పెట్టుకునేది) పెట్టి రీరోల్ చేసుకుంటే 48 శాతం. అదే 7 అంగుళాలైతే రీరోల్ లేకుండానే 58 శాతం, 5 అంగుళాలైతే 83 శాతం. మంచి ప్లేయర్ ఏం చేస్తాడంటే గేమ్ మొత్తం 28 శాతం మీద ఆధారపడకుండా, ముందు టర్న్‌లోనే గోడ వెనక దగ్గరగా వచ్చి నిలబడి 83 శాతం ఉన్నప్పుడు చార్జ్ చేస్తాడు. ఒక్క డైస్ అదృష్టమే, కానీ ఒక గేమ్‌లో కొన్ని వందల డైస్ వేస్తాం, ఏ డైస్ ఎప్పుడు వెయ్యాలో ఎంచుకోవడమే ఆట. అందుకే పెద్ద టోర్నమెంట్లలో పైన ఎప్పుడూ అవే మొహాలు కనబడతాయి.

ఇంకోటి, గెలుపు చంపడం మీద లేదు. టేబుల్ మీద అబ్జెక్టివ్‌లు ఉంటాయి, ఎక్కువ పాయింట్లు వాటిని పట్టుకుని ఉంటేనే. ఆర్మీ మొత్తం పోయి పాయింట్ల మీద గెలిచినవాళ్ళని చూశాను.

బొబ్బిలి_1757, విశాఖపట్నం

చంపడం మీద లేదు అన్న మాట దగ్గర నేను కూడా ఒకటి చెప్పాలి, టాపిక్ కొంచెం పక్కకి పోతుంది, క్షమించండి. నేను 40కె ఆడను, చరిత్ర వైపు. 1757 జనవరి 24 బొబ్బిలి యుద్ధాన్ని టేబుల్ మీదకి తేవాలని చాలాకాలంగా పని చేస్తున్నా. మట్టి కోట, ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఫ్రెంచి సిపాయిలు, విజయనగరం బలగాలు, లోపల రంగారావు మనుషులు. కోట ఫోమ్ బోర్డుతో అయిపోయింది. సిపాయిలకి ఏడేళ్ళ యుద్ధం నాటి ఫ్రెంచి మోడల్స్ తీసుకుని మార్చుకుంటున్నా.

కష్టమంతా గెలుపు లెక్క దగ్గరే. లోపలివాళ్ళు లొంగేది లేదని తేల్చుకుని నిలబడినవాళ్ళు. చంపిన లెక్కతో పాయింట్లు ఇస్తే బుస్సీ ప్రతిసారీ గెలుస్తాడు, ఆట అక్కర్లేదు. అందుకని ప్రతి టర్న్ కోట గండి దగ్గర ఎవరు నిలబడ్డారు అన్నదానికి పాయింట్లు పెట్టాను, ఎంతసేపు నిలబడితే రక్షకులకి అంత లాభం. మీ అబ్జెక్టివ్ పద్ధతి చదివాకే నాకు ఆ దారి తట్టింది. ఇప్పుడు ఇద్దరూ గెలవగలుగుతున్నారు. ఎవరైనా ఆడి చూస్తామంటే రూల్స్ పంపిస్తా.

గోదారి_ఆర్క్, న్యూజెర్సీ

@బొబ్బిలి_1757 పంపించండి గురువుగారూ, తప్పకుండా ఆడతాం. దీనికి విడిగా ఒక థ్రెడ్ పెట్టండి, ఫోటోలతో సహా.

@ఫ్రిస్కో_నెక్రాన్ లిస్ట్ యాప్‌లో ఎప్పటిలోగా పెట్టాలో చూసుకున్నావా? చాలా చోట్ల బెస్ట్ కోస్ట్ పెయిరింగ్స్ అనే టోర్నమెంట్ యాప్ వాడతారు, గడువు దాటితే కొందరు పాయింట్లు కోస్తారు. లిస్ట్ పెట్టే ముందు తాజా పాయింట్ల ఫైల్‌తో సరిచూసుకో, ఆ ఫైల్ మారుతూ ఉంటుంది, పాత లెక్కతో 2000 అనుకున్నది కొత్త లెక్కలో 2010 అవ్వచ్చు.

మొదటి రౌండ్ జతలు ఊరికే ర్యాండమ్‌గా వేస్తారు. తర్వాత నుంచి గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో, ఓడినవాళ్ళు ఓడినవాళ్ళతో. అందుకే మొదటి గేమ్ పోయినా డ్రాప్ అయిపోవద్దు, నీ స్థాయికి సరిపోయే మంచి గేములు రెండో రౌండ్ నుంచే వస్తాయి.

ఫ్రిస్కో_నెక్రాన్, డాలస్ దగ్గర

అందరికీ థాంక్స్. 40 మంది వారియర్లూ అయిపోయారు, రంగులపిచ్చి గారు చెప్పినట్టే 10 మంది చొప్పున వరసలో. లిస్ట్ పెట్టేశా. ఎల్లుండే టోర్నమెంట్. ఆదివారం వచ్చి రాస్తా.

ఫ్రిస్కో_నెక్రాన్, డాలస్ దగ్గర

రిపోర్ట్. పెద్దదే, తీరిగ్గా చదవండి.

పొద్దున 9కి వెళ్ళా. షాపు వెనక హాలులో టేబుళ్ళు, ప్రతి దాని మీదా 60 బై 44 అంగుళాల మ్యాట్, ఎల్ ఆకారపు గోడల రూయిన్లు (శిథిలాలు) అన్ని టేబుళ్ళ మీదా ఒకే లెక్కన పెట్టారు. నిర్వాహకుడు మైకులో చెప్పిన రూల్స్‌లో మొదటిదే, ఏటవాలుగా ఆగిన డైస్ లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యాలి, ఇద్దరూ గేమ్‌కి ముందే ఒప్పుకోండి అని.

మొదటి రౌండ్ వరల్డ్ ఈటర్స్, వేగంగా మీదకొచ్చి కొట్టే ఆర్మీ. ఎదురుగా ఉన్నాయన చాలా ఏళ్ళ నుంచి ఆడుతున్నాడంట. చాలా మర్యాదస్తుడు, గేమ్‌కి ముందే తన ఆర్మీలో ఏది ఎంత దూరం వస్తుందో, ఏది నన్ను ఇబ్బంది పెడుతుందో ఒక్కోదాన్నీ చూపించి చెప్పాడు. చెప్పి మరీ కొట్టాడు. రెండో బ్యాటిల్ రౌండ్‌కే వాళ్ళ నాయకుడు ఆంగ్రాన్ నా వైపుకి వచ్చేశాడు. వారియర్ల వరసని ముందు అడ్డంగా పరిచాను కాబట్టి వెనక ఉన్న ఆర్క్ ఇంకో టర్న్ బతికింది, కానీ ఆ వేగానికి మధ్యలో అబ్జెక్టివ్ దగ్గర నిలబడే దారి దొరకలేదు. పైల్ ఇన్ (కొట్లాటలో శత్రువుకి దగ్గరగా జరగడం) దగ్గర ఒక మాట వచ్చింది, ఒక మోడల్ తనకి దగ్గర్లో ఉన్నవాడి వైపే 3 అంగుళాలు జరగాలా, ఇంకోవైపు తిరిగొచ్చా అని. చెయ్యెత్తా. జడ్జి వచ్చాడు, క్లాక్ ఆపాడు, ఫోన్‌లో రూల్ చదివాడు, కదిలాక అందరికన్నా దగ్గరున్న శత్రువుకి ఇంకా దగ్గరవ్వాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎదుటాయన "గుడ్ కాల్" అని డైస్ అందుకున్నాడు. 81-58 తో ఓడిపోయా. నేను నెల రోజులుగా భయపడిన సీన్ ఇదేనా అనిపించింది.

రెండో రౌండ్ ఇంపీరియల్ నైట్స్, భారీ రోబోల్లాంటి యుద్ధ యంత్రాల ఆర్మీ. ఇదే నాకు ఇష్టమైన గేమ్, ఇది వివరంగా రాస్తా. అవతల కాలేజీ కుర్రాడు, టేబుల్ మీద వాడివి పెద్ద నైట్లు, చిన్న ఆర్మిజర్లు, మొత్తం కలిపి రెండు చేతుల వేళ్ళ లోపే మోడల్స్. నావి 60 దాటి ఉన్నాయి. నైట్‌లని దూరం నుంచి చంపాలంటే నా దగ్గర ఉన్నవి లోఖస్ట్ హెవీ డిస్ట్రాయర్లు, ఆర్క్ మాత్రమే, అన్నిటినీ చంపడం జరిగే పని కాదు. అందుకని ముందే తేల్చుకున్నా, దీన్ని అబ్జెక్టివ్‌ల మీదే ఆడాలని.

వారియర్ ఒక్కొక్కడి అబ్జెక్టివ్ కంట్రోల్ 2, ఎవరి మొత్తం ఎక్కువైతే ఆ అబ్జెక్టివ్ వాళ్ళది. 20 మంది ఉంటే 40. పెద్ద నైట్‌ది 10, ఆర్మిజర్‌ది 8. ఒక నైట్ వచ్చి మధ్యలో అబ్జెక్టివ్ మీద నిలబడి నా 20 మందిలో 13 మందిని చంపేసింది. టేబుల్ చుట్టూ చూస్తున్నవాళ్ళు కూడా అయిపోయింది అనుకున్నారు. మిగిలింది 7 మంది, 7 రెళ్ళు 14, దానిది 10. పాయింట్లు నావే. నా కమాండ్ ఫేజ్‌లో (టర్న్ మొదట్లో) రీయానిమేషన్ వేస్తే పడిపోయినవాళ్ళలో ఇంకొందరు లేచి వచ్చారు. ఆ కుర్రాడు చప్పట్లు కొట్టాడు. మా వాళ్ళు ఇన్‌ఫాంట్రీ (కాలినడక సైనికులు) కాబట్టి రూయిన్ గోడల్లోంచి నేరుగా వెళ్ళిపోతారు, దాంతో ఆ పెద్ద నైట్ చుట్టూ తిరిగి వచ్చేలోపు రెండో గుంపు పక్క అబ్జెక్టివ్ మీదకి చేరింది.

ఇప్పుడు గోదారి_ఆర్క్ అన్న చెప్పిన విషయం. రెండో టర్న్‌లో లోఖస్ట్‌లని రూయిన్ వెనక పెడుతూ, "నీ పెద్ద నైట్‌కి కనబడకుండా పెడుతున్నా, చూడు" అన్నా. వాడు తన వైపు నుంచి వంగి చూసి సరే అన్నాడు. తర్వాత వాడి షూటింగ్‌లో చూస్తే ఒక మోడల్ బేస్ అంచు గోడ పక్కనుంచి కొంచెం బయటకి ఉంది. నేను నోరు తెరిచేలోపే వాడే, "నువ్వు కనబడకుండా పెట్టావు కదా, ఒప్పుకున్నాను" అని ఆ మోడల్‌ని వేలితో లోపలికి జరిపి వేరే యూనిట్‌ని కాల్చాడు. ఆ షాట్ కొట్టి ఉంటే గేమ్ వేరేలా ఉండేది, అది వాడికీ తెలుసు. 19 ఏళ్ళు ఉంటాయేమో వాడికి. నాకు ఆ రోజంతటిలో బాగా గుర్తుండేది అదే. 79-66 తో గెలిచా.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తీశా, ఆ కుర్రాడికీ పెట్టా, రెండోసారి అడిగి మరీ తిన్నాడు.

మూడో రౌండ్ టైరానిడ్స్, పురుగుల్లాంటి ఏలియన్ల ఆర్మీ. అవతల ఒక పెద్దావిడ, ఆర్మీ అద్భుతంగా ఉంది, ఊదారంగు షెల్స్ మీద సన్న గీతలు, బెస్ట్ పెయింటెడ్ ఆవిడకే వచ్చింది, నా ఓటు కూడా ఆవిడకే. గేమ్ చివరిదాకా సమానంగా నడిచింది. నాలుగో బ్యాటిల్ రౌండ్‌లో నా కమాండ్ ఫేజ్ మొదలవ్వగానే ఆవిడ షాడో ఇన్ ది వార్ప్ వాడింది, గేమ్‌కి ఒక్కసారే వాడగలిగేది, అప్పటిదాకా దాచుకుంది. నా యూనిట్లన్నీ బ్యాటిల్‌షాక్ టెస్ట్ (ధైర్యం నిలుస్తుందా లేదా అని రెండు డైస్ వెయ్యడం) చెయ్యాలి. వారియర్లకి 7 పడాలి, మధ్యలో ఉన్న గుంపుకి 5 పడింది. అంతే, వాళ్ళ అబ్జెక్టివ్ కంట్రోల్ సున్నా అయిపోయింది, అంతమంది బతికే ఉన్నా ఆ టర్న్ ఆ అబ్జెక్టివ్ పాయింట్లు రాలేదు. 74-71. సరిగ్గా ఆ టర్న్ కోసం దాచుకోవడమే గొప్ప, చేతులు కలిపి అదే చెప్పా. ఇద్దరం 5 బ్యాటిల్ రౌండ్లూ పూర్తి చేశాం, నా క్లాక్‌లో ఇంకా 11 నిమిషాలు ఉన్నాయి.

ఒక గెలుపు, రెండు ఓటములు. గురువారం రాత్రుళ్ళు షాపులో క్లబ్ ఆడతారంట, నైట్స్ కుర్రాడు నంబర్ తీసుకున్నాడు, వెళ్తున్నా.

రంగులపిచ్చి, టొరంటో

7 రెళ్ళు 14 దగ్గర నేను నిజంగా చప్పట్లు కొట్టాను ఇక్కడ కూర్చుని! ఫోటోలు పెట్టండి, నైట్‌బ్రింగర్ ఫోటో తప్పకుండా. 71 లో ఆ రంగుల 10 లేకపోతే అంత దగ్గరికి వచ్చేదే కాదని కూడా గమనించండి :)

గోదారి_ఆర్క్, న్యూజెర్సీ

తమ్ముడూ చాలా బాగా ఆడావు, బాగా రాశావు. ఆ కుర్రాడు చేసిన పనికి నా షాపులో అయితే స్పోర్ట్స్‌మన్‌షిప్ అవార్డు వాడికే.

వరల్డ్ ఈటర్స్ మీద ఒక మాట. అంత వేగంగా వచ్చే ఆర్మీ మీద 20 మందిని అడ్డంగా పరచడం సరైనదే, దాంతో పాటు ఎవరూ పట్టించుకోని చిన్న యూనిట్ ఒకటి ఇంకా ముందు పెట్టి చూడు, స్కారబ్‌లు లాంటివి. వాటి అబ్జెక్టివ్ కంట్రోల్ సున్నానే, పాయింట్లు తేలేవు, కానీ ఆంగ్రాన్ చార్జ్ వాటి మీద పడితే అక్కడే ఆగిపోతాడు, అప్పుడు నైట్‌బ్రింగర్‌తో నువ్వు ముందు చార్జ్ చేసే అవకాశం వస్తుంది. నైట్‌బ్రింగర్ మీద పడే ప్రతి దెబ్బా సగమే కదా, ఆ పోరు నీకు లాభం.

షాడో సంగతి, టైరానిడ్స్ ఎదురైతే మొదటి టర్న్ నుంచే గుర్తుపెట్టుకుని, ముఖ్యమైన అబ్జెక్టివ్ మీద రెండు యూనిట్లు ఉంచు. ఒకటి తప్పినా ఇంకోటి నిలబడుతుంది.

కొత్తగా_చూస్తున్నా, బెంగళూరు

మొత్తం చదివా. నా ప్రశ్నకి జవాబు ఆ నైట్స్ గేమ్‌లోనే ఉంది. బెంగళూరులో ఎవరైనా ఆడుతున్నారా, ఊరికే చూడ్డానికైనా వస్తా.

మిడ్‌లాండ్స్_మినీ, ఇంగ్లండ్

చూడ్డానికి వెళ్ళి ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చినవాళ్ళని నేను చూడలేదు, జాగ్రత్త :) నేరుగా 2000 పాయింట్లు కొనకండి. కిల్ టీం బాక్స్ ఒకటి కొని, రంగులు వేసి, నాలుగు గేములు ఆడి అప్పుడు ఆలోచించండి.

హైద్రాబాద్_స్కర్మిష్, హైదరాబాద్

ఈ రిపోర్ట్ మా గ్రూపుల అందరికి పంపిన అన్నా. అందరు సదివి ఇప్పుడు ఒకటే లొల్లి, మనం గూడ ఒకటి పెడ్దామని. కిల్ టీం, ఒక్క రోజు, 8 మంది దాకా అయితరు. ప్రింట్ బొమ్మలకు ఓకే చెప్తం, రంగు మాత్రం ఉండాలె. 3 రౌండ్లు పెట్టొచ్చా? రౌండ్‌కి ఎంత టైం ఇయ్యాలె?

గోదారి_ఆర్క్, న్యూజెర్సీ

సూపర్! 8 మందికి 3 రౌండ్లు సరిగ్గా సరిపోతాయి, గెలిచినవాళ్ళని గెలిచినవాళ్ళతో జత చేసుకుంటూ పోతే మూడో రౌండ్ తర్వాత మూడూ గెలిచినవాడు ఒక్కడే మిగులుతాడు, డ్రా రాకపోతే. కిల్ టీంలో టర్నింగ్ పాయింట్లు (బ్యాటిల్ రౌండ్లని అక్కడ అలా అంటారు) నాలుగే కాబట్టి కొత్తవాళ్ళతో రౌండ్‌కి 2 గంటలు ఇవ్వు. బోర్డు 30 బై 22 అంగుళాలు, 4 బోర్డులు చాలు, మామూలు టేబుల్ మీద రెండు పడతాయి. టెర్రైన్‌కి (గోడలు, అడ్డాలకి) ఫోమ్ బోర్డు, అట్టపెట్టెలు కోసి వాడుకోండి, నాలుగు బోర్డుల మీదా ఒకే కొలతలు ఉండేలా చూసుకోండి, అది ముఖ్యం.

నువ్వు నిర్వాహకుడివైతే నువ్వు ఆడకు. రూల్ అడిగితే చెప్పేవాడు ఒకడు ఖాళీగా ఉండాలి. నీకు కావాలంటే ఆ రోజు నేను ఫోన్‌లో అందుబాటులో ఉంటా, మాకు రాత్రి అయినా సరే.

హైద్రాబాద్_స్కర్మిష్, హైదరాబాద్

నేను ఆడొద్దంటే జర బాధనే గాని సరే అన్నా, నడిపిస్త. 4 బోర్డులల్ల రెండు రెడీగున్నయ్, ఇంకో రెండిటికి ఈ ఆదివారం అట్టలు కోస్తం. తేదీ ఖరారైనంక కొత్త థ్రెడ్ పెడ్త, బెంగళూరు అన్న గూడ రైలెక్కి రావొచ్చు, ఒక టీం నేనే ఇస్త ఆడనీకి.